యల్లాప్రగడ సుబ్బారావు: డిగ్రీ చెల్లని దేశంలో మందులు చేసిన మనిషి

మా వీధిలో బి.ఫార్మ్, డి.ఫార్మ్ చదివినవాళ్ళు చాలామందే ఉన్నారు. చదువు అయ్యాక కొందరు ఇక్కడే ధర్మపురిలో ఏదో ఒక మెడికల్స్‌లో చేరతారు, కొందరు హోసూరు, బెంగుళూరు వైపు కంపెనీలకి వెళ్తారు. మిగతావాళ్ళు దుబాయి, లండను, అమెరికా అని మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ మాటలన్నీ చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతాయి. ఇక్కడ తీసుకున్న సర్టిఫికెట్టు అక్కడ చెల్లుతుందా?

సుమారు వందేళ్ళ కిందట ఇదే ప్రశ్న ఒక తెలుగు మనిషికి ఎదురైంది. చెల్లదు అనే జవాబు వచ్చింది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన ఫార్మసిస్టు కాదు. డాక్టరు చదువు చదివి, పరాయి దేశంలో డాక్టరుగా పనిచేసే వీలు లేక, మందులు కనిపెట్టే పనిలో స్థిరపడిన మనిషి. జి.కె. పుస్తకాల్లో ఆయన గురించి ఒక లైను ఉంటుంది, పరీక్ష కోసం మనం ఆ లైను చదివి వదిలేస్తాం. ఈసారి గోడపత్రికలో ఆ లైను వెనక ఉన్న జీవితం రాయాలని అనిపించింది.

చదువు ఎక్కని పిల్లవాడు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. అప్పుడు భీమవరమూ, మన ధర్మపురీ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. మనది సేలం జిల్లాలో ఒక తాలూకా. అంటే ఆయనకీ మనకీ అప్పటి రాజధాని ఒక్కటే, మద్రాసు. పెద్ద చదువు కావాలంటే రాజమండ్రి నుంచయినా, ఇక్కడి నుంచయినా రైలెక్కి పోవలసింది అక్కడికే.

చిన్నప్పుడు ఆయనకి చదువు మీద పెద్ద ఆసక్తి లేదు. ఇంట్లో డబ్బు లేదు, పిల్లలు ఎక్కువ. కాశీకి పారిపోయి, అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని బయల్దేరితే, వెంకమ్మ గారు మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెప్పించారని చెబుతారు. తండ్రి పోయాక ఇల్లు మరీ కష్టంలో పడింది. అయినా ఆ తల్లి ఒంటిమీది నగ అమ్మి కొడుకుని మద్రాసు పంపించారని ఆయన జీవితం రాసినవాళ్ళు అంటారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు. మనలో ఎవరికైనా ఒక పేపరు అరియర్ పడితే లోకం మునిగిపోయినట్టు ఉంటుంది కదా, అలాంటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

తరవాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. ఆ రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మిషన్ మీద ఉండేది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు, తల్లి ఒప్పుకోనిదే మిషన్ వాళ్ళూ ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుంటే మనుషులకి సేవ చేయొచ్చు అనే సలహా అక్కడే దొరికింది. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకి స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా ఆదుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరి గారితోనే సుబ్బారావు గారికి పెళ్ళయింది.

ఖద్దరు కోటు ఖరీదు

అవి గాంధీ గారి సహాయ నిరాకరణ రోజులు. విదేశీ బట్ట వదలమని దేశమంతా పిలుపు వెళ్ళింది. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి సుబ్బారావు గారి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే ఒక మెట్టు కింద ఉండే ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ఆ చిన్న తేడా తరవాతి ఆయన జీవితాన్నంతా మలుపు తిప్పింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు.

అదే కాలంలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. వాళ్ళని తీసుకుపోయిన జబ్బు పేరు స్ప్రూ. పేగులు తిండిలోని సారాన్ని పీల్చుకోలేవు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటి అల్లోపతిలో దానికి సరైన మందు లేదు. ఆ జబ్బు తరవాత సుబ్బారావు గారికీ వచ్చింది. ఆయన్ని ఆయుర్వేద వైద్యంతో బతికించినవారు ఆచంట లక్ష్మీపతి గారు.

లక్ష్మీపతి గారు మద్రాసులో ఆయుర్వేద కాలేజీ నడిపేవారు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి గారు ఉప్పు సత్యాగ్రహంలో వేదారణ్యం వెళ్ళి జైలుకి పోయారు, తరవాత 1946లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆ కాలేజీలోనే సుబ్బారావు గారు శరీరశాస్త్రం పాఠాలు చెప్పే పనిలో చేరారు. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషికి మన పాత మందుల మీద గౌరవం కలిగింది అక్కడే. ఏ ఆకులో ఏముంది, ఏ పదార్థం ఏ జబ్బుని ఎందుకు తగ్గిస్తోంది అనే ప్రశ్నలు ఆయన్ని పట్టుకున్నాయి. వాటికి జవాబు వెతకడానికి కావలసిన ప్రయోగశాల మాత్రం ఇక్కడ లేదు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

అమెరికా వెళ్ళాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత డబ్బు ఇచ్చింది, మామగారు కొంత పోగుచేశారు. 1920ల మొదటి ఏళ్ళలో ఆయన ఓడెక్కారు. శేషగిరి గారిని పుట్టింట్లో వదిలి వెళ్ళారు.

బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. అంటే ఉష్ణదేశాల్లో వచ్చే జబ్బుల చదువు. సీటు దొరికింది గానీ కూడు ఎట్లా? చేతిలో ఉన్న ఎల్.ఎం.ఎస్. అక్కడ డాక్టరుగా పనిచేయడానికి చాలలేదు. ఇంటర్న్‌షిప్పూ దొరకలేదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం, వార్డు శుభ్రం చేయడం ఆ పని. మద్రాసులో డాక్టరు చదువు పూర్తిచేసిన మనిషి, మెడికల్ స్టూడెంట్లకి పాఠం చెప్పిన మనిషి, పగలు చదువుకుంటూ రాత్రి ఆ పని చేశారు. అలా కష్టపడే ఆ డిప్లొమా తీసుకున్నారు.

ఇక్కడ ఆ దేశపు చట్టం గురించి కూడా చెప్పుకోవాలి. 1917 చట్టం ప్రకారం మన దేశం నుంచి కూలీలుగా ఎవరూ అమెరికా వెళ్ళకూడదు, చదువుకునేవాళ్ళకి మాత్రం మినహాయింపు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. కాబట్టి సుబ్బారావు గారు ఎంత చదివినా, ఎంత పని చేసినా ఆ దేశానికి పరాయివాడే. ఇప్పుడు మనవాళ్ళు వీసా ఎప్పుడొస్తుందో, గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో అని ఎదురుచూస్తారు. ఆయనకి ఎదురుచూడడానికి క్యూ కూడా లేదు.

కండరంలో దాగిన శక్తి

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఓటో ఫోలిన్ గారి బయోకెమిస్ట్రీ విభాగంలో చోటు దొరికింది. అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర పని. మొదట వాళ్ళిద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఒకటి తయారు చేశారు. పరీక్షించవలసిన దానికి కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరు వచ్చింది. బయోకెమిస్ట్రీ చదివే మన స్నేహితురాళ్ళని అడిగి చూడండి, వాళ్ళ ప్రాక్టికల్ పుస్తకంలో ఈ పేరు ఉంటుంది.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టి పిల్లి కండరాల్లో ఏముందో చూడగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సమయంలో దాన్ని విడిగా కనుక్కున్నారు. మనం ఆర్ట్స్ వాళ్ళం కాబట్టి ఏటీపీ అంటే ఏంటో ఒక మాటలో చెబుతాను. మనం తిన్న అన్నంలోని శక్తిని ఒంట్లో కణాలు చిల్లరగా మార్చి పెట్టుకుంటాయి. ఆ చిల్లర ఏటీపీ. చెయ్యి ఎత్తినా, గుండె కొట్టుకున్నా ఆ చిల్లరే ఖర్చవుతుంది. అంతకు ముందు కండరాల శక్తి గురించి వేరే సిద్ధాంతం ఉండేది, దానికి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ కొత్త పదార్థాలు బయటపడ్డాక ఆ సిద్ధాంతాన్ని మార్చుకోవలసి వచ్చింది.

1930లో సుబ్బారావు గారికి పి.హెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ప్రొఫెసరు ఉద్యోగం రాలేదు. చేసిన పనిలో కొంత ఆయన పేరు మీద బయటికి రానే లేదు. అదే విభాగంలో చదివిన జార్జ్ హిచింగ్స్‌కి 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని పదార్థాల్ని ఫిస్కే బయటపెట్టనివ్వలేదని, వాటిని తరవాత ఇంకొకరు కొత్తగా కనిపెట్టవలసి వచ్చిందని ఆయనే చెప్పారు. సుబ్బారావు గారు మాత్రం తన వాటా కోసం గొడవ పడినట్టు కనబడదు. ఆయన్ని పొగిడేవాళ్ళు దీన్ని వినయం అంటారు. నాకు మాత్రం ఇంకో సంగతి కూడా అనిపిస్తుంది. పౌరసత్వం లేని దేశంలో, పర్మనెంట్ ఉద్యోగం లేని మనిషి పైవాళ్ళతో ఎంతవరకు గొడవ పడగలడు?

మందుల కంపెనీలో ఎనిమిదేళ్ళు

1940లో ఆయన హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ పరిశోధన విభాగానికే డైరెక్టర్ అయ్యారు. ఆస్పత్రిలో పాత్రలు కడిగిన మనిషి కింద ఇప్పుడు పెద్ద శాస్త్రవేత్తల బృందం. మిగిలిన ఎనిమిదేళ్ళలో ఆ బృందం నుంచి వచ్చిన మందుల్లో నాలుగింటి గురించి చెబుతాను.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీని కథ మన దేశంలోనే మొదలవుతుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, గర్భిణీ స్త్రీలలో, ముఖ్యంగా మిల్లు కార్మికుల్లో కనబడే రక్తహీనతని పరిశీలించారు. ఈస్టుతో చేసే మార్మైట్ తింటే అది తగ్గుతోందని 1931లో చెప్పారు. అందులో ఉన్న పదార్థమేదో అప్పటికి తెలీదు. 1941లో టెక్సాస్‌లో కొందరు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కొద్దిగా తీశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో ఆకు అనే మాటతో దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అయితే టన్నుల కొద్దీ కూర ఉడికించి జనానికి మందు ఇవ్వలేం కదా. ప్రయోగశాలలోనే దాన్ని తయారుచేసే మార్గం కావాలి. 1945లో లెడర్లీ బృందం అది సాధించింది.

ఆ మందుకి స్ప్రూ లొంగింది. ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి, పాతికేళ్ళ తరవాత, సుబ్బారావు గారి సొంత బృందం మాత్ర తయారు చేసిందన్నమాట. నిజానికి ఆయన ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నది పెర్నిషస్ అనీమియా అనే ఇంకో రక్తజబ్బుకి మందు. దానికి ఫోలిక్ యాసిడ్ పూర్తి జవాబు కాలేదు. అసలు మందు విటమిన్ బి12 అని 1948లో వేరేవాళ్ళు తేల్చారు.

హైస్కూల్లో వారానికొకసారి మనకి ఇచ్చిన నీలం రంగు మాత్ర గుర్తుందా? కడుపులో తిప్పుతుందని కొందరు దాన్ని కిటికీలోంచి పారేసేవాళ్ళు. అది ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్ర. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అందులో ఉంటాయి. జి.హెచ్.లో గర్భిణులకి నెలల తరబడి ఇచ్చే మాత్రలోనూ ఇదే ఉంటుంది. కడుపులో బిడ్డకి వెన్నెముక సరిగ్గా ఏర్పడాలంటే ఇది కావాలి.

రెండోది కాన్సర్ మందు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. ల్యుకేమియా అంటే రక్త కాన్సర్ వచ్చిన పిల్లలకి అప్పట్లో మందే లేదు. ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇస్తే జబ్బు ఇంకా ముదురుతున్నట్టు ఆయనకి కనబడింది. అయితే దానికి వ్యతిరేకంగా పనిచేసేది ఇస్తే? కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. చూడడానికి అచ్చం అలాగే ఉండి, పని మాత్రం చేయని పదార్థం ఇస్తే, అది వెళ్ళి ఆ చోట కూర్చుంటుంది, కణం పెరగడం ఆగిపోతుంది. సుబ్బారావు గారి బృందం అలాంటి పదార్థాలు తయారు చేసి ఫార్బర్‌కి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. దాని తయారీ గురించి 1947లో వచ్చిన వ్యాసం మీద మొదటి పేరు డోరిస్ సీగర్ అనే మహిళా కెమిస్టుది. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ తగ్గుదల కొన్నాళ్ళే నిలిచింది, జబ్బు మళ్ళీ వచ్చింది. అయినా మందుతో ల్యుకేమియాని వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. కాన్సర్‌కే కాదు, కీళ్ళవాతం వచ్చిన పెద్దవాళ్ళకి కూడా వారానికి ఒక్కసారి చొప్పున డాక్టర్లు రాస్తారు.

మూడోది హెట్రజాన్. దీని మందు పేరు డైఇథైల్‌కార్బమజైన్, పొట్టిగా డి.ఇ.సి. మనం తెలుగులో బోదకాలు, తమిళంలో యానైక్కాల్ అనే జబ్బుకి ఇది మందు. దోమకాటుతో రక్తంలోకి చేరే సన్నని పురుగుల్ని ఇది చంపుతుంది. ఆ పురుగులు మన దేశంలో రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి, అందుకే పరీక్షకి రక్తం రాత్రి తీస్తారు. ఇప్పుడు ఈ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి ఊరందరికీ ఇంటింటికీ వచ్చి ఇచ్చే మాత్రల్లో ఇదొకటి.

నాలుగోది ఆరియోమైసిన్. డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తని లెడర్లీ పనిలో పెట్టుకుంది. మిజూరి నుంచి తెచ్చిన మట్టిలో ఆయనకి బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చినదే టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి యాంటీబయాటిక్. 1994లో సూరత్‌లో ప్లేగు అని దేశమంతా భయపడినప్పుడు జనం మెడికల్ షాపుల దగ్గర ఎగబడి కొన్నది ఈ టెట్రాసైక్లిన్‌నే.

వెనక్కి రాని మనిషి, ఎదురుచూసిన మనిషి

1946లో చట్టం మారింది. భారతీయులు అమెరికా పౌరులు కావచ్చని అనుమతి వచ్చింది. 1947లో మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. సుబ్బారావు గారు మాత్రం అమెరికా పౌరుడు కాకుండానే, ఇండియాకి తిరిగి రాకుండానే ఉండిపోయారు. 1948 జులైలో ఆరియోమైసిన్‌ని లోకానికి ప్రకటించారు. అది జరిగిన కొద్ది వారాలకే, ఆగస్టులో, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. వయసు 53.

ఇక శేషగిరి గారి సంగతి. వాళ్ళకి ఒక మగబిడ్డ పుట్టాడు. తండ్రి దూరదేశంలో ఉండగానే, ఏడాది నిండకుండా ఆ బిడ్డ జబ్బు చేసి పోయాడు. భర్త వస్తారని ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఆయన రాలేదు, ఆమెని అక్కడికి తీసుకెళ్ళనూ లేదు. పెళ్ళయిన నాలుగైదేళ్ళ లోపే దూరమైన మనిషిని ఆమె మళ్ళీ చూడలేదు. వయసులో ఉండగా మొదలైన ఎదురుచూపు ఆయన చావు వార్తతో ముగిసింది.

ఆయన జీవిత కథల్లో శేషగిరి గారికి రెండు వాక్యాలకి మించి దొరకవు. నిజమే, రాత్రింబగళ్ళు ప్రయోగశాలలో ఉన్న మనిషికి సంసారం అడ్డమయ్యేదేమో. ఆయన చేసిన మందుల వల్ల బతికినవాళ్ళు లెక్కలేనంతమంది. అయినా ఆ పని ఖర్చు ఆయన ఒక్కరే భరించలేదు. నగ అమ్మిన వెంకమ్మ గారు కొంత భరించారు, బిడ్డని ఒంటరిగా పోగొట్టుకున్న శేషగిరి గారు చాలా భరించారు. వెంకమ్మ గారిని ఇవ్వమని కొడుకు అడిగి ఉంటాడు. శేషగిరి గారిని ఎవరూ అడిగినట్టు లేదు. మహిళా కాలేజీలో కూర్చుని ఈ కథ రాస్తున్నప్పుడు ఆ సంగతి వదిలేయడం న్యాయం కాదనిపించింది.

ఆయనకి నోబెల్ రాలేదు. శాస్త్రవేత్తలు ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. పుట్టి వందేళ్ళయినప్పుడు, 1995లో, మన తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి

ఇప్పుడు రోజులు మారాయి. చెల్లదు అని తలుపు మూయడం తగ్గింది, ఏ మెట్లు ఎక్కితే చెల్లుతుందో రాసి పెడుతున్నారు. అమెరికాలో ఫార్మసిస్టు కావాలంటే బయటి దేశాల్లో చదివినవాళ్ళు ముందు ఎఫ్.పి.జి.ఇ.ఇ. అనే పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. తరవాత ట్రైనింగు గంటలు పూర్తిచేసి, లైసెన్సు పరీక్ష రాయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2003 తరవాత డిగ్రీ తీసుకున్నవాళ్ళయితే అది కనీసం ఐదేళ్ళ కోర్సు అయి ఉండాలి. మన బి.ఫార్మ్ నాలుగేళ్ళే. మన దేశంలో 2008 నుంచి మొదలైన ఆరేళ్ళ ఫార్మ్.డి. అయితే ఆ లెక్కకి సరిపోతుంది. ఇంగ్లండులో దారి వేరు. ఒక ఏడాది అదనపు కోర్సు, ఇంకో ఏడాది ట్రైనింగు, ఆ తరవాత రిజిస్ట్రేషన్ పరీక్ష. ఇవన్నీ తెలీకుండా అప్పు చేసి విమానం ఎక్కినవాళ్ళు అక్కడి మందుల షాపులో అసిస్టెంటు పనితో ఏళ్ళు గడపవలసి వస్తుంది. అది తక్కువ పని అని నా ఉద్దేశం కాదు. సుబ్బారావు గారు పాత్రలు కడిగారు. తెలిసి చేయడం వేరు, మోసపోయి చేయడం వేరు.

అందుకని ఇంట్లో అక్కో చెల్లో ఫార్మసీలో చేరబోతుంటే, నాలుగేళ్ళదా, ఆరేళ్ళదా అనేది చేరే రోజే అడగమని చెప్పండి. ఇంకో ప్రశ్న కూడా అడగాలి. వెళ్ళేవాళ్ళు వెళ్తే ఇక్కడ ఉండిపోయేవాళ్ళ సంగతేంటి? ఎన్నేళ్ళు? ఎప్పుడు కలుస్తారు? ఫోనులో రోజూ మొహం చూసుకునే ఈ కాలంలో కూడా ఆ మాట ముందే తేల్చుకోవడం మంచిది. ఆ మాట తేల్చేటప్పుడు ఇంట్లో ఉండిపోయే అమ్మాయిని కూడా కూర్చోబెట్టి అడగాలి.

చివరగా చిన్న మనవి. ఈ వ్యాసంలో లూసీ విల్స్, డోరిస్ సీగర్, రుక్మిణీ లక్ష్మీపతి అనే ముగ్గురు మహిళల పేర్లు అలా వచ్చి వెళ్ళిపోయాయి. ఒక్కొక్కరి మీద ఒక్కో వ్యాసం రాయొచ్చు. వచ్చే నెల గోడపత్రికకి ఎవరైనా ఒక పేరు తీసుకుంటే బాగుంటుంది. మిగిలిన ఇద్దరి గురించి నేను చదవడం మొదలుపెడతాను.

— బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని